రిషి ఒక్కడే చేసిన స్నానం

జూలై 13, ఆదివారం

బేరింగుల డీలరు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్లూ బీరువా మీదే పడి ఉంది. ఎందుకో ఈ రోజు దించాను.

రేపు నీరజకు ఆపరేషన్. గర్భసంచి తీసేస్తారు. రెండేళ్లుగా బాధపడుతూనే ఉంది, మా ఒక్కగానొక్క కొడుకు రిషిని ఎవరు చూస్తారని వాయిదా వేస్తూ వచ్చింది. ఈసారి డాక్టరమ్మ గట్టిగా కోప్పడింది. ఆపరేషన్ అయ్యాక నాలుగు వారాలు మౌలాలిలో వాళ్లక్క ఇంట్లో ఉంటుంది. ఇక్కడుంటే రిషి వచ్చి మీద పడతాడు. పదిహేనేళ్లు వాడికి, నా భుజం దాటాడు. ఆటిజం. పొట్ట మీద కుట్లున్నాయని చెబితే అర్థం కాదు.

"నువ్వొక్కనివే సూసుకుంటవా?" అని మూడుసార్లు అడిగింది.

"సూసుకుంట. గదేమన్న పెద్ద పనా?" అన్నాను.

మల్లాపూర్‌లో మిషన్ పార్టులు తయారుచేసే వర్క్‌షాపులో పద్దెనిమిదేళ్లుగా క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ని. వెంట్రుకవాసి తేడా ఉన్నా నా టేబులు దాటి వెళ్లదు. ఒక్క పిల్లవాణ్ని నాలుగు వారాలు చూసుకోలేనా?

నీరజ మూడు కాగితాలు రాసి ఫ్రిజ్‌కి అంటించింది. ఇంత దేనికో.

జూలై 14

ఆపరేషన్ బాగా అయింది. కళ్లు తెరిచి మొదట అడిగింది రిషి తిన్నాడా అని. తిన్నాడన్నాను. తినలేదు.

జూలై 15, మంగళవారం

రెండు వారాలు సెలవు పెట్టాను.

నీరజ కాగితాల్లో మొదటి పేజీ తిండి. దోశ గుండ్రంగా ఉండాలి, అంచు మాడకూడదు. రెండోది చప్పుళ్లు. మిక్సీ వేసేముందు వాడికి చెప్పాలి. మూడో పేజీ స్నానం. అందులో ఒక్కటే వాక్యం: "నేను చేపిచ్చినట్టే చేపియ్యి."

ఎలా చేయిస్తుందో నేను ఎప్పుడూ చూడలేదు.

పొద్దున లుంగీ ఎగ్గట్టి లోపలికి వెళ్లాను. వాడు నన్ను తోసేశాడు. మగ్గు పగిలింది. ట్యాప్ తిప్పి ధార కింద చెయ్యి పెట్టి నిలబడ్డాడు, బకెట్ నిండి పొర్లిపోతున్నా కట్టెయ్యనివ్వలేదు. నా లుంగీ తడిసింది గానీ వాడు తడవలేదు.

వాడికి మీసం వస్తోంది. ఇన్నాళ్లూ వాళ్లమ్మ స్నానం చేయిస్తోంది. ఇదే ఇంట్లో నేనూ ఉన్నాను.

మధ్యాహ్నం గిరిప్రసాద్ ఫోన్ చేశాడు. మా షాపులో ప్లానింగ్ చూస్తాడు, రేపల్లె వైపు మనిషి. మూడేళ్లుగా మధ్యాహ్నం ఒకే టేబులు దగ్గర తింటున్నాం.

"మీ ఆవిడగారికి ఎలా ఉందండీ? అబ్బాయి హాస్టల్ నుంచి వచ్చాడా?"

"లేదు. పరీక్షలున్నయి."

జూలై 16

బాగానే ఉన్నాను. స్నానం కాలేదు.

జూలై 17

బాగానే ఉన్నాను. స్నానం కాలేదు. రిషిని స్కూలుకు తీసుకెళ్తుంటే, ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఫ్లైఓవర్ పనుల వల్ల ఆటో అతను ఇంకో సందులోంచి తిప్పాడు. రోజూ వెళ్లే దారి కాదు. రిషి అరుస్తూ తల రాడ్డుకేసి కొట్టుకున్నాడు. నేను వాడి తలకీ రాడ్డుకీ మధ్య చెయ్యి పెట్టాను. పక్క బండి మీద ఇద్దరు ఫోన్లు పైకెత్తారు.

"పోరనికేమైందన్నా?" అన్నాడు ఆటో అతను.

"ఏం గాలే. తలనొప్పి."

చెయ్యి వాచింది. ఐసు పెట్టాను.

జూలై 18, శుక్రవారం

రిషి స్కూలు నాచారంలో, ఒక పాత మేడలో. వాడు నాతో రావడం అలవాటయ్యేదాకా నన్ను అక్కడే ఉండమన్నారు. వరండాలో కుర్చీలు, ఏడెనిమిది మంది తల్లులు. మగవాణ్ని నేనొక్కణ్నే.

ఒక పెద్దావిడ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఛాయాదేవి గారట. భర్త రైల్వేలో చేసి రిటైరయ్యారు. వాళ్లమ్మాయి మనస్వినికి ఇరవై రెండేళ్లు.

"మీరు నీరజ భర్తగారు కదూ. ఎలా ఉన్నారు?"

"మంచిగనే ఉన్నడండి. పొద్దున రెండు దోశలు తిన్నడు."

"పిల్లాడి సంగతి హరిత మేడం చెబుతారు. నేనడిగింది మీ గురించి."

"నాకేం, మస్తుగున్న."

 ఆవిడ మూలనున్న కుర్చీ చూపించింది. "అది నీరజదండీ. కూర్చోగానే కునుకు పట్టేసేది. మేం లేపేవాళ్లం కాదు. మీకు రోజూ ఓవర్‌టైమ్ అటగా? పాపం అంతా తనే."

అవునన్నాను.

రోజూ ఓవర్‌టైమ్ చెయ్యాలన్న రూలు మా షాపులో లేదు. ఆ సంగతి నీరజకు తెలియదు. తెలుసేమో.

జూలై 19, శనివారం

గిరిప్రసాద్ వచ్చి వెళ్లాడు. బత్తాయిలు తెచ్చాడు. పీర్జాదిగూడలో ఫ్లాట్ పని పూర్తయిందట, శ్రావణంలో గృహప్రవేశం. అందరం రావాలన్నాడు. బాగానే మాట్లాడుకున్నాం.

జూలై 20, ఆదివారం

బోనాలు. పొద్దుటి నుంచీ వీధిలో డప్పులు. కిటికీలన్నీ మూసి దుప్పట్లు కట్టాను. రిషి మంచం పక్కన గోడకు వీపు ఆనించి, చెవులు మూసుకుని కూర్చున్నాడు. నేనూ పక్కనే కూర్చున్నాను.

నిన్నటి నుంచి ఏదో ఒక వాక్యం పదేపదే అంటున్నాడు. ఎక్కడ విన్నాడో.

జూలై 21, సోమవారం

ఎక్కడ విన్నాడో నాకు తెలుసు. ఈ డైరీ ఎవరూ చదవరు, ఇందులో కూడా అబద్ధం దేనికి?

శనివారం గిరిప్రసాద్ సోఫాలో కూర్చుని ఉన్నాడు. రిషిని లోపలి గదిలో ఫోన్ ఇచ్చి కూర్చోబెట్టాను. చార్జింగ్ అయిపోయినట్టుంది, వచ్చేశాడు. వచ్చి అలవాటు ప్రకారం నా వెనక నిలబడి గడ్డం నా భుజం మీద ఆనించాడు.

"ఎవరండీ అబ్బాయి?" అన్నాడు గిరిప్రసాద్. మా అబ్బాయి విజయవాడ హాస్టల్లో చదువుతున్నాడని మూడేళ్లుగా అతనికి చెబుతూ వచ్చాను.

నేను నవ్వాను. నవ్వి, "మా వదిన కొడుకు. రెండు రోజులుంటనని వచ్చిండు" అన్నాను.

వాడి గడ్డం నా భుజం మీదే ఉంది.

రిషి సొంతంగా పది మాటలు మాట్లాడతాడేమో. కానీ విన్నమాటను విన్నట్టే, విన్న గొంతులోనే తిరిగి చెబుతాడు. టీవీ ప్రకటనలు, మెట్రో స్టేషను పేర్లు. ఇప్పుడు ఇది. "మా వదిన కొడుకు. రెండు రోజులుంటనని వచ్చిండు." అచ్చం నా గొంతు. ముందున్న ఆ నవ్వు కూడా.

ఈ రోజు నీరజతో ఫోన్ మాట్లాడుతుంటే పక్కనుంచి అన్నాడు.

"ఏమంటున్నడు వాడు?" అంది.

వాడు మళ్లీ అన్నాడు, నవ్వుతో సహా.

నీరజ చాలాసేపు ఫోన్ పెట్టెయ్యలేదు.  ఆ తర్వాత, "వానికి నూనె రాసి తలదువ్వు" అని పెట్టేసింది.

జూలై 22

నిద్ర లేదు. దోశలన్నీ మాడాయి.

జూలై 23

బాగానే ఉన్నాను అని రాయబోయి ఆగాను. వాడు నలభైసార్లన్నా అన్నాడు ఆ మాట. నోర్ముయ్ అని అరిచాను. బాల్కనీలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. తిరిగి వచ్చేసరికి వాడు తలుపు అద్దానికి నుదురు ఆనించి నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో.

జూలై 24, గురువారం

రిషి టీచరు హరిత మేడంను అడిగాను. ముప్పై ఏళ్లుంటాయేమో, ఈసీఐఎల్ వైపు అమ్మాయి. ఆ మాట వాడి నోటి నుంచి ఎలాగైనా పోయేలా చెయ్యమన్నాను. ఎక్కడిది అని ఆమె అడగలేదు. ఆమె ముందు కూడా అని ఉంటాడు.

"తీసెయ్యలేం సార్. మీరు ఎట్లన్నరో గట్లనే దాసుకున్నడు. కొత్త మాటలు, కొత్త పనులు మస్తుగైతే అది ఎన్కకు పోతది. మీరేం నేర్పిస్తరో చెప్పుండ్రి."

స్నానం అన్నాను.

ఆమె ముఖం వెలిగింది. "మేడం గారు ఏడాది సంది అడుగుతున్నరు, మగవాళ్లు నేర్పిస్తే బాగుంటదని చెప్పిన. చివరి నుంచి మొదలువెట్టుండ్రి. మొదట అంతా మీరే చేసి, ఆఖర్న తువ్వాల మాత్రం వాని చేతికియ్యుండ్రి. అది వచ్చినంక దాని ముందటిది. పని అయిపోయిందన్న సంతోషం రోజూ వానికే దక్కాలె."

ఏడాదిగా అడుగుతోందా నీరజ? నాతో అనలేదు. అన్నదేమో, నేను ఓవర్‌టైమ్‌లో ఉన్నాను.

జూలై 25

వరండాలో ఛాయాదేవి గారు మళ్లీ ఎలా ఉన్నారని అడిగింది.

"మంచిగ లేనండి" అన్నాను. ఆ మాట బయటికి వచ్చాక మిగతాది ఆగలేదు. గిరిప్రసాద్ రావడం, నేనన్న మాట, అది నా గొంతులోనే నాకు రోజంతా వినిపించడం, అన్నీ చెప్పాను. మిగతా తల్లులు మాటలు ఆపేశారు. వింటున్నారని తెలిసినా ఆపలేదు.

ఆవిడ తప్పనలేదు, ఒప్పనలేదు. "నేను మా మనస్వినిని మూడేళ్లు ఏ పెళ్లికీ తీసుకెళ్లలేదండీ. జ్వరం వచ్చిందని చెప్పేదాన్ని. ఒక్క పిల్లకి ఇన్ని జ్వరాలేంటి వదినా, రక్తపరీక్ష చేయించరాదూ అని మా ఆడపడుచు ఒకటే గోల."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది.

జూలై 27

స్నానాన్ని పదకొండు పనులుగా విడగొట్టాను. ఒక్కోదానికి ఒక్కో బొమ్మ గీసి గోడకు అంటించాను. మొన్న హరిత మేడంకి చూపిస్తే పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. "సార్, ఇది మిషన్ డ్రాయింగ్ లెక్కుంది. బకెట్‌కు కొలతలు గూడ వేసిండ్రు." మళ్లీ గీశాను. ఈసారి తలా, చేతులూ, నీళ్లూ అంతే.

తువ్వాలు: రెండు రోజుల్లో వచ్చింది.

జూలై 29

తువ్వాలు తర్వాత వేసుకునే లాగూ, చొక్కా కూడా కలిపాను. బొత్తాలు వంకరగా పెట్టుకుంటాడు. పర్వాలేదు, నేను పాస్ చేశాను. షాపులో అయితే వెనక్కి పంపేవాణ్ని.

సెలవు అయిపోయింది. పొద్దున వాణ్ని స్కూల్లో దింపి షాపుకు వెళ్లి మూడున్నరకల్లా వచ్చేస్తున్నాను. ఓవర్‌టైమ్ వద్దన్నాను. మేనేజరు ఎందుకని కూడా అడగలేదు. ఇన్నేళ్లూ నన్నెవరూ ఆపలేదన్నమాట.

ఆగస్టు 1

సబ్బు కడుక్కోవడం. వీపు. తల. తల మీద నీళ్లు పోసుకోవడానికి వాడికి భయం. మొదట నా తల మీద పోయించుకున్నాను. పదిసార్లు పోశాడు. పదకొండోసారి తన మీద పోసుకుని ఉలిక్కిపడి నవ్వాడు. ఆ నవ్వు ఎవరినీ చూసి నేర్చుకున్నది కాదు, వాడిదే.

ఆగస్టు 4

ఒక్క ట్యాప్ దగ్గరే ఆగిపోయాం. తిప్పుతాడు. కట్టెయ్యడు. నీళ్ల ధార చూస్తూ లోకం మరిచిపోతాడు. నేను కట్టేస్తే ఏడుస్తాడు. మూడు రోజులు అయింది. ఓపిక అనేది నాలో ఇంత ఉందని నాకే తెలియదు.

వదిన కొడుకు మాట ఈ రోజు రెండుసార్లే అన్నాడు.

ఆగస్టు 6

బకెట్ లోపల ఎర్ర టేపు అంటించాను. నీళ్లు టేపును తాకగానే "ట్యాప్ బంద్" అంటాను. పొద్దున నేననక ముందే వాడే "ట్యాప్ బంద్" అన్నాడు. కట్టెయ్యలేదు గానీ అన్నాడు.

ఆగస్టు 7, గురువారం

కట్టేశాడు.

కట్టేసి, నన్ను బయటికి తోసి, తలుపు వేసుకున్నాడు. నేను బయట నిలబడి చెవి ఒగ్గి విన్నాను. ఇరవై రెండు నిమిషాలు. తలుపు తెరిచి వచ్చాడు, చొక్కా తిరగేసి, తల కారుతూ, ఒళ్లంతా సబ్బు వాసన. నా కొడుకు ఒక్కడే స్నానం చేశాడు.

షాపుకు ఎలా వెళ్లానో తెలియదు. ఎవరితోనైనా చెప్పాలి. లంచ్‌లో గిరిప్రసాద్ స్వీటు డబ్బా పట్టుకుని తిరుగుతున్నాడు. వాళ్లమ్మాయి సాయి ప్రియకు ఇంజనీరింగ్‌లో మంచి కాలేజీలో సీటు వచ్చింది. టేబులు టేబులుకీ వెళ్లి నోట్లో పెడుతున్నాడు. నాకు ఆ సీటు మీద అసూయ లేదు. ఆ డబ్బా పట్టుకుని తిరగడం మీద అసూయ కలిగింది. నాకూ పంచాల్సిన వార్త ఉంది. ఎవరికి పంచను? నా కొడుకు విజయవాడ హాస్టల్లో ఉన్నాడు కదా.

ఫోన్లో నీరజకు చెప్పాను. ఏడ్చింది. ఆ తర్వాత, "తలుపు లోపట గడియ పెట్టుకుంటే ఎట్ల?" అని అడిగింది. గడియ తీసేశానన్నాను. "అయితే మంచిగ జేసినవ్" అంది. జూలై ఇరవై ఒకటి తర్వాత ఆమె నన్ను మెచ్చుకోవడం ఇదే మొదటిసారి.

ఆగస్టు 9

రేపు గిరిప్రసాద్ గృహప్రవేశం. రిషిని తీసుకుని వెళ్తున్నాను.

ఆగస్టు 10, ఆదివారం

వివరంగా రాయాలి. ఒక్క ముక్క కూడా మరిచిపోవాలని లేదు.

హరిత మేడం చెప్పినట్టు పూజ అయిపోయాక, పదకొండున్నరకు వెళ్లాం. రిషి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టాను. మూడో అంతస్తు. గుమ్మం దగ్గర చెప్పులే చెప్పులు. గిరిప్రసాద్‌కు ఏం చెప్పాలో ఆటోలో వరసగా అనుకున్నాను. మెట్లెక్కేసరికి ఒక్కటీ గుర్తులేదు.

"రండి రండి మహిపాల్ గారూ!" గిరిప్రసాద్ పట్టుపంచెలో ఎదురొచ్చాడు. రిషిని చూసి నవ్వాడు. "బాబు కూడా వచ్చాడా! ఇంకా ఇక్కడే ఉన్నాడన్నమాట."

నేను నోరు తెరిచేలోపు ఎవరో పిలిస్తే అటు వెళ్లాడు. ఒక పెద్దాయన చెయ్యి పట్టుకుని ఏదో అడిగాడు. జవాబు చెప్పి చూస్తే రిషి పక్కన లేడు.

హాల్లో లేడు. బాల్కనీలో లేడు. వంటింట్లో లేడు.  అప్పుడు వినిపించింది, బకెట్‌లో నీళ్లు పడుతున్న చప్పుడు.

కొత్త బాత్రూం. తలుపు మూసి ఉంది. బయట ముగ్గురు నిలబడి ఉన్నారు. వాళ్లలో గిరిప్రసాద్ భార్య బిందుమాధవి గారు.

"లోపల ఎవరో ఉన్నారండీ. పిలిస్తే పలకడం లేదు" అంది.

"స్నానం జేస్తున్నడమ్మా" అన్నాను.

"స్నానమా? ఎవరు?"

గిరిప్రసాద్ కూడా వచ్చాడు. అతని వెనక మా షాపువాళ్లు ఇద్దరు. అందరూ నా వైపే చూస్తున్నారు.

"నా కొడుకు" అన్నాను. "హృషికేశ్. పదిహేనేండ్లు. హాస్టల్ లేదు ఏం లేదు, అంతా నేను చెప్పిన అబద్ధం. వానికి ఆటిజం. స్నానం నేర్సుకొని మూడు రోజులైంది. ఇప్పుడు తలుపు తీయొద్దు. నడుమ ఆపితే మళ్ల మొదటి నుంచి జెయ్యాలె వాడు."

నీళ్ల చప్పుడు ఆగింది.

"ట్యాప్ కట్టేసిండు!" అన్నాను. నా గొంతు ఎంత పైకి లేచిందో నాకే తెలియదు. "అన్నిట్ల కష్టమైంది గదే. ఇంట్ల బకెట్‌కు టేపు అంటించిన. ఇక్కడ టేపు లేదు. అయినా కట్టేసిండు!"

బిందుమాధవి గారు నా ముఖం చూసింది. "ఇప్పుడేం చేస్తాడండీ?" అని మెల్లగా అడిగింది.

"తల మీద పోసుకుంటడు. ఒక్కసారి ఉలిక్కిపడతడు, నవ్వుతడు. ఇనుండ్రి."

లోపలి నుంచి నవ్వు వినిపించింది. మా షాపువాళ్లలో ఒకడు కూడా నవ్వాడు. ఆ పైన సబ్బు, చేతులు, కాళ్లు, వీపు, ఏ చప్పుడు ఏమిటో అన్నీ చెప్పాను. అది విని ఇంకొందరు వచ్చి నిలబడ్డారు. బిందుమాధవి గారు లోపలికి వెళ్లి కొత్త తువ్వాలు తెచ్చింది. తలుపు సందులోంచి చెయ్యి పెట్టి అందించాను. లోపలి చెయ్యి తీసుకుంది.

బయటికి వచ్చాడు. హెడ్‌ఫోన్లు చేత్తో పట్టుకుని, బొత్తాలు వంకరగా, నీళ్లు కారుతూ. అంతమందిని చూసి ఆగాడు. ఎవరో చప్పట్లు కొట్టబోతే గిరిప్రసాద్ చెయ్యి పట్టుకుని ఆపాడు. నేను చెప్పలేదు, వాడు చెవులు మూసుకోవడం తనే చూశాడు.

తర్వాత మేం ముగ్గురం మేడ మీదికి వెళ్లాం. గిరిప్రసాద్ మూడు ఆకుల్లో భోజనం పైకి తెప్పించాడు. రిషి వడలు మాత్రం తింటున్నాడు, గుండ్రంగా ఉంటాయి కాబట్టి.

"వదినగారి అబ్బాయికి మీ ముక్కెలా వచ్చిందా అనుకున్నానండీ ఆ రోజు" అన్నాడు గిరిప్రసాద్. నవ్వడం లేదు. "మూడేళ్లుగా ఒక్క చోట తింటున్నాం. మీరు తెచ్చిన పచ్చడి నేను, నేను తెచ్చింది మీరు. నాకు చెప్పలేకపోయారా? ప్రతిసారీ హాస్టల్ అన్నారు, ర్యాంకులన్నారు. నేను మా అమ్మాయికి మీ అబ్బాయిని చూపించి చదువుకోమనేవాణ్ని."

"సిగ్గు పడ్డ."

"వాణ్ని చూసా?"

"అప్పుడు వాన్ని సూసి. ఇప్పుడు నన్ను సూసుకొని."

అతనికి కోపం తగ్గలేదు, నాకు తెలుస్తూనే ఉంది. కాసేపటికి తన ఆకులోని వడ తీసి రిషి ఆకులో వేశాడు. "చల్లారిపోతున్నాయి, తినండి" అన్నాడు నాతో.

దిగి వస్తుంటే బిందుమాధవి గారు ఒక స్వీటు డబ్బా చేతికిచ్చింది. రేపు షాపులో అది పట్టుకుని తిరుగుతాను.

ఆగస్టు 11

తిరిగాను. ఏ సందర్భం అన్నారు. చెప్పాను. అందరూ అర్థం చేసుకున్నారని రాయలేను. ఒకడు పాపం అన్నాడు. పాపం అని కాదు, స్వీటు తినమన్నాను. డిస్పాచ్‌లో పనిచేసే ఒకతను మాత్రం ఎవరూ లేనప్పుడు వచ్చి, వాళ్ల పాపకు నాలుగేళ్లట, ఇంకా మాటలు రాలేదట, ఎక్కడ చూపించాలి అని అడిగాడు. ఇన్నేళ్లూ రోజూ ఎదురుపడే మనిషే. స్కూలు అడ్రసు రాసిచ్చాను. ఒక రోజు పొద్దున నేనే తీసుకెళ్తానన్నాను.

ఆగస్టు 13, బుధవారం

నీరజ ఇంటికి వచ్చింది. రిషి చుట్టూ తిరిగాడు, ఆమె కొంగు వాసన చూశాడు. మీద పడలేదు. నేను మధ్యలో నిలబడ్డాను.

ఫ్రిజ్ మీద తన కాగితాలు, గోడ మీద నా బొమ్మలు చూసింది. సాయంత్రం వాడు నిద్రపోతుంటే అంది.

"స్నానం నేర్పినవ్. నల్గురి ముందట నా కొడుకన్నవ్. సంతోషమే. గని ఆ మాట నేను మర్సిపోను. ఫోన్ల నీ గొంతుతోని వాడు అన్నడు సూడు, అది."

"మర్సిపోవద్దు" అన్నాను.

"ఓవర్‌టైమ్ గురించి గూడ నాకెరుకే. మీ షాపుకు ఫోన్ జేసి అడిగిన, మూడేండ్ల కింద."

మూడేళ్లు. తెలిసి ఒక్క మాటా అనలేదు. ఎందుకని అడిగాను.

"అడిగితే ఇంటికొస్తవ్. వచ్చి మొకం మాడ్చుకొని కూసుంటవ్. ఇద్దర్ని నేనేడ సూసుకుంట?"

ఇది ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. నేను చదువుకోవడానికి.

ఆగస్టు 14, గురువారం

నీరజ అలవాటు కొద్దీ ఆరింటికి లేచి బాత్రూం వైపు వెళ్లింది. తలుపు మూసి ఉంది. లోపల నీళ్ల చప్పుడు. తట్టబోయింది, వద్దని చెయ్యి ఊపాను.

అక్కడే నిలబడిపోయింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగుకు తుడుచుకుంది. తడే లేదు వాటికి.

"నేనేం జెయ్యాలె మరి?" అంది.

"కూసో. చాయ్ తాగు."

నేనే పెట్టాను. బాల్కనీలో కుర్చీ వేసి ఇచ్చాను. చక్కెర ఎక్కువైందంది. కాళ్లు చాపుకుని, ఎండ బాల్కనీలోకి వచ్చే దాకా కూర్చుని, మొత్తం తాగింది.